మొరాయించిన రివాల్వర్: హిజ్లీ కాల్పులకు బదులు తీర్చబోయిన ప్రద్యోత్ భట్టాచార్య జీవితం

హిజ్లీ (పశ్చిమ బెంగాల్): విశాఖపట్నం మీదుగా ఉత్తరానికి సాగే కొన్ని రైళ్లు ఖరగ్‌పూర్ జంక్షన్‌లోకి వెళ్లకుండా దానికి ముందే ఉన్న హిజ్లీ స్టేషన్ నుంచి దారి మళ్లుతాయి. బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి తెలుగు కార్మిక కుటుంబాలు స్థిరపడిన రైల్వే పట్టణం ఇది. 1920లలో వి.వి.గిరి ఈ రైల్వే కార్మికులను సంఘటితం చేసి సమ్మె నడిపిన చోటు కూడా ఇదే. ఇక్కడి ఐఐటీ ప్రాంగణంలో గోపురం కలిగిన ఒక పాత భవనం ఉంది. ఇప్పుడది నెహ్రూ శాస్త్ర సాంకేతిక మ్యూజియం. 1930లో అది విచారణ లేకుండా పట్టుకొచ్చిన రాజకీయ ఖైదీలను ఉంచిన హిజ్లీ నిర్బంధ శిబిరం.

1931 సెప్టెంబరు 16 రాత్రి ఆ శిబిరంలో కావలి సిపాయిలు నిరాయుధులైన నిర్బంధితులపై కాల్పులు జరిపారు. కలకత్తాకు చెందిన సంతోష్ కుమార్ మిత్ర, బారిసాల్ జిల్లాకు చెందిన తారకేశ్వర్ సేన్‌గుప్త మరణించారు. పలువురు గాయపడ్డారు. సుభాష్ చంద్రబోస్ స్వయంగా వచ్చి మృతదేహాలను కలకత్తాకు తీసుకువెళ్లారు. పది రోజుల తరువాత అక్కడి మైదానంలో జరిగిన నిరసన సభకు వృద్ధాప్యంలో, అనారోగ్యంతో ఉన్న రవీంద్రనాథ్ టాగూర్ అధ్యక్షత వహించారు. ప్రభుత్వమే నియమించిన విచారణ సంఘం సైతం ఆ కాల్పులను సమర్థించలేకపోయింది.

శిబిరం ఉన్నది మిద్నాపూర్ జిల్లాలో. జిల్లా కేంద్రమైన మిద్నాపూర్ పట్టణం కంసావతి నదికి ఆవలి ఒడ్డున, ఖరగ్‌పూర్‌కు సుమారు 13 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఆ పట్టణంలోని కళాశాలలో చదువుతున్న ఒక యువకుడు హిజ్లీ వార్తను వినీ మరచిపోలేకపోయారు. ఆయన పేరు ప్రద్యోత్ కుమార్ భట్టాచార్య. ఏడు నెలల తరువాత హిజ్లీకి బదులు చెప్పడానికి బట్టల మాటున ఒక రివాల్వర్ దాచుకుని జిల్లా బోర్డు సమావేశంలోకి నడిచారు. అవసరమైన క్షణంలో ఆ రివాల్వర్ పేలలేదు. ఆయన జీవితకథ ఆ ఒక్క క్షణం చుట్టూ తిరుగుతుంది.

ప్రద్యోత్ 1913 నవంబరు 3న మిద్నాపూర్ జిల్లా దాస్‌పూర్ ప్రాంతంలోని గోకుల్‌నగర్ గ్రామంలో జన్మించారు. తండ్రి భవతారణ్ భట్టాచార్య, తల్లి పంకజినీ దేవి. ఇంట్లో పిలుపు పేరు కొచి, అంటే బంగాళీలో లేతవాడని అర్థం. మిద్నాపూర్ హిందూ పాఠశాలలో చదివి 1930లో మెట్రిక్యులేషన్ పూర్తి చేసి కళాశాలలో చేరారు. తెలివైన విద్యార్థిగా, నెమ్మదస్థుడిగా పేరు తెచ్చుకున్నారు.

ఆ నెమ్మదస్థుణ్ని విప్లవమార్గంలోకి తెచ్చింది బెంగాల్ వలంటీర్స్ దళం. 1928 కలకత్తా కాంగ్రెస్ సందర్భంగా సుభాష్ చంద్రబోస్ ఏర్పరచిన స్వచ్ఛంద సేవాదళం నుంచి పుట్టిన సంస్థ అది. కొన్నాళ్లకే రహస్య విప్లవ సంస్థగా మారింది. మిద్నాపూర్‌లో దాని శాఖకు ప్రాణం పోసినవారు ఢాకా ప్రాంతం నుంచి వచ్చిన దినేశ్ గుప్త. ఆయన 1930 డిసెంబరు 8న వినయ్ బసు, బాదల్ గుప్తలతో కలిసి కలకత్తాలోని రైటర్స్ భవనంలో ప్రవేశించి జైళ్ల ఇన్‌స్పెక్టర్ జనరల్ సింప్సన్‌ను కాల్చిచంపారు. బాదల్ అక్కడే విషం మింగి మరణించారు. తమనే కాల్చుకున్న మిగిలిన ఇద్దరిలో వినయ్ ఆసుపత్రిలో ప్రాణాలు విడిచారు. దినేశ్ బతికి బయటపడి 1931 జులై 7న ఉరికంబమెక్కారు. అప్పటికే ఆయన నాటిన విత్తనం మిద్నాపూర్‌లో మొలకెత్తింది. ఆ ఏడాది ఏప్రిల్ 7న జిల్లా మేజిస్ట్రేట్ జేమ్స్ పెడ్డీపై బిమల్ దాస్‌గుప్త, జ్యోతిజీవన్ ఘోష్ ఒక పాఠశాల ప్రదర్శనలో కాల్పులు జరిపి తప్పించుకున్నారు. పెడ్డీ మరణించారు.

ఇక్కడ ఆయుధాల సంగతి కొంత చెప్పుకోవాలి. అది లేకుండా ప్రద్యోత్ కథ అర్థం కాదు.

1878 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా భారతీయులెవరూ తుపాకీ ఉంచుకోరాదు. లైసెన్సు ప్రభుత్వ విధేయులకే దొరికేది. అంగడికి వెళ్లి నాలుగు రకాలు చూసి, చేతికి ఇమిడేది, నమ్మకంగా పేలేది ఎంచుకునే అవకాశం విప్లవకారులకు లేదు. ఫ్రెంచివారి ఏలుబడిలోని చందర్‌నగర్ నుంచో, రేవులో ఓడ దిగిన నావికుల నుంచో, దొంగిలించిన సరుకు నుంచో దొరికినదే వారి ఆయుధం. తూటాలు ఏ ఏటివో, ఎక్కడ చెమ్మ తగిలాయో చెప్పగలవారు లేరు. పరీక్షించి చూద్దామన్నా కష్టమే. ఒక్క తూటా వృథా చేయడానికి మనసొప్పదు, చప్పుడైతే పోలీసులు పసిగడతారు.

ఒకే ఒక్కసారి మేలైన సరుకు వారి చేతికి భారీగా చిక్కింది. 1914 ఆగస్టు 26న కలకత్తాలోని రొడ్డా కంపెనీకి ఓడలో వచ్చిన పెట్టెలను రేవు నుంచి తెస్తుండగా, ఆ కంపెనీ ఉద్యోగి శ్రీశ్ చంద్ర మిత్ర సాయంతో విప్లవకారులు కొన్నింటిని మాయం చేశారు. 50 మౌజర్ పిస్తోళ్లు, 46,000 తూటాలు దక్కాయి. ఆ పిస్తోళ్లలో 44 తొమ్మిది విప్లవ బృందాలకు చేరాయనీ, ఆ తరువాతి 54 నేరాల్లో వాటిని వాడారనీ 1918 నాటి రౌలట్ సంఘం లెక్క తేల్చింది. మౌజర్ నమ్మకమైన ఆయుధం. చెక్కతో చేసిన దాని ఒరను వెనుక తగిలిస్తే చిన్న రైఫిల్‌లా భుజానికి ఆనించి కాల్చవచ్చు. 1915 సెప్టెంబరు 9న బాలాసోర్ సమీపంలో బాఘా జతిన్, ఆయన నలుగురు అనుచరులు పెద్ద పోలీసు బలగాన్ని చాలాసేపు నిలువరించగలిగింది ఈ మౌజర్లతోనే. అయితే పొడవు ఇంచుమించు అడుగు, బరువు కిలోకు పైమాటే. పొలంగట్టు చాటున పోరాడేవారికి అది వరం. పంచె, కుర్తాతో జనం మధ్యకు వెళ్లవలసినవారికి మాత్రం దాచుకోలేని బరువు.

మన్యంలో అల్లూరి సీతారామరాజుకు ఈ చిక్కు లేదు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల నుంచి ఆయన దళం తీసుకెళ్లినవి పొడవైన పోలీసు తుపాకులు. వాటిని అడవే దాచింది. పట్టణాల్లో పనిచేసిన విప్లవకారులకు కావలసింది వేరు. చంద్రశేఖర్ ఆజాద్ చివరివరకు తన వద్ద ఉంచుకున్న పిస్తోలు నేడు అలహాబాద్ మ్యూజియంలో ఉంది. అమెరికాలో తయారైన 1903 నమూనా కోల్ట్ అది. దాని సుత్తి లోపలే ఉంటుంది, బయటికి పొడుచుకు రాదు. జేబులోంచి తీసేటప్పుడు బట్టకు తట్టుకోదు. భగత్‌సింగ్ వాడినదీ కోల్ట్ పిస్తోలే. అటువంటివి దొరకడం అదృష్టం.

బెంగాల్ యువతకు ఎక్కువగా దక్కినవి పాత రివాల్వర్లు. రివాల్వర్‌కు ఒక సుగుణం ఉంది. ఒక తూటా పేలకపోతే మళ్లీ మీట నొక్కితే చాలు, చక్రం తిరిగి తరువాతి తూటా ఎదుటికి వస్తుంది. పిస్తోలులో అలా కాదు, పేలని తూటాను చేత్తో బయటికి లాగాలి. అయినా ఆ సుగుణం చక్రం తిరిగినంత వరకే. లోపలి స్ప్రింగు అలసిపోయినా, భాగాలు అరిగినా, తూటాలన్నీ ఒకే పాత మూటలోవైనా ఆ ధీమా ఉండదు. ఆయుధం ఉండీ తూటాలు లేక విప్లవకారులు దెబ్బతిన్న సందర్భాలూ ఉన్నాయి. 1930 ఏప్రిల్ 18న చిట్టగాంగ్ ఆయుధాగారాన్ని స్వాధీనం చేసుకున్న సూర్యసేన్ దళానికి తుపాకులు చిక్కాయి గానీ మందుగుండు చిక్కలేదు. 1932 ఫిబ్రవరి 6న కలకత్తా విశ్వవిద్యాలయ స్నాతకోత్సవంలో గవర్నర్ స్టాన్లీ జాక్సన్‌పై బీనా దాస్ కాల్పులు జరిపారు. ఆ రివాల్వర్‌ను కమలా దాస్‌గుప్త 280 రూపాయలకు సంపాదించి ఇచ్చారు. ఆ రోజుల్లో అది చిన్న సొమ్ము కాదు. ఐదుసార్లు కాల్చినా ఒక్క గుండూ గవర్నర్‌కు తగలలేదు.

ఇది జరిగిన దాదాపు మూడు నెలలకు ప్రద్యోత్ వంతు వచ్చింది.

పెడ్డీ తరువాత మిద్నాపూర్ మేజిస్ట్రేట్‌గా వచ్చినవారు రాబర్ట్ డగ్లస్. హిజ్లీ శిబిరం ఆయన జిల్లాలోనిది గనుక ఆ రాత్రి కాల్పులకు ఆయనే బాధ్యుడని విప్లవకారులు తీర్మానించారు. ఆ బాధ్యత ఎంతవరకు ఆయనది అన్న ప్రశ్నను వారు వేసుకున్నట్లు కనిపించదు. ఇద్దరు నిరాయుధుల మరణానికి ఒక్క అధికారి కూడా శిక్ష అనుభవించలేదన్నదే వారికి ముఖ్యమైంది. డగ్లస్‌కూ తన ప్రాణాపాయం తెలుసు. సాయుధ రక్షణ లేకుండా బయటికి వచ్చేవారు కారు.

ఆయన తప్పనిసరిగా కనిపించే చోటు ఒకటుంది. జిల్లా బోర్డు సమావేశాలకు మేజిస్ట్రేట్ అధ్యక్షత వహించేవారు. 1932 ఏప్రిల్ 30న అటువంటి సమావేశం ఏర్పాటైంది. ఆ పనికి ఎంపికైన ఇద్దరు ప్రద్యోత్, ప్రభాంశు శేఖర్ పాల్. ఇద్దరూ ఒకే ఈడువారు. వారికి రెండు రివాల్వర్లు అందాయి. ఏప్రిల్ చివరి ఎండల్లో శాలువా కప్పుకుంటే అదే అనుమానానికి దారితీస్తుంది. పలుచని బట్టల మాటున ఇమిడే ఆయుధమే గతి. ఎవరికి ఏది వచ్చిందన్నదే తరువాతి కథను నిర్ణయించింది.

సమావేశం సాగుతుండగా ఇద్దరూ లోపలికి చొరబడి డగ్లస్‌ను సమీపించారు. కాల్పులు మోగాయి. డగ్లస్ కుప్పకూలారు, ఆ గాయాలతోనే మరణించారు. కాపలావారు తేరుకునేసరికి యువకులిద్దరూ బయటపడి చెరొక దిక్కు పరుగెత్తారు. ప్రభాంశు తన రివాల్వర్‌తో వెంబడించినవారిని బెదరగొడుతూ వీధుల్లో కలిసిపోయారు. ప్రద్యోత్ వెనుక కూడా సాయుధులు పడ్డారు. ఆయన వెనుదిరిగి మీట నొక్కారు. పేలలేదు. మళ్లీ నొక్కారు. పేలలేదు. దగ్గరలోని ఒక పాడుబడిన ఇంట్లో దూరారు. అక్కడా నిలవలేక బయటికి ఉరికినప్పుడు పడిపోయి దొరికిపోయారు.

ఆయన జేబులో కాగితాలు బయటపడ్డాయి. ఇది హిజ్లీలో జరిగిన హత్యాకాండకు తమ బలహీనమైన నిరసన అనీ, ఈ మరణాలతోనైనా దేశం మేలుకోవాలనీ వాటిలో రాసి ఉంది. చంపడానికి వెళ్తున్న యువకుడు తన చర్యను బలహీనమైనదిగా పేర్కొనడం గమనించదగినది. మరణాలు అన్న మాటలో తన మరణాన్నీ కలుపుకున్నారని వేరుగా చెప్పనక్కర్లేదు.

ఠాణాలో జరిగిందని బెంగాల్‌లో నేటికీ చెప్పుకునే సంగతి ఒకటుంది. భూపేన్ అనే దారోగా ఆయనను ప్రశ్నిస్తూ, ఇంత తెలివైనవాడివి, వేళకు పలకని ఇటువంటి రివాల్వర్‌ను ఎంచుకుని వచ్చావేమిటని ఎత్తిపొడిచారట. అది విధి వెక్కిరింత అనీ, తన రివాల్వర్ పలికి ఉంటే తాను ఇక్కడ ఈ స్థితిలో ఉండేవాణ్ని కాననీ, కథ మరోలా ఉండేదనీ ప్రద్యోత్ బదులిచ్చారట. దారోగా మాటలో ఎంపిక అన్న భావన ఉంది. ప్రద్యోత్‌కు ఎంపిక ఎక్కడిది? దళం ఇచ్చినదే ఆయన తీసుకున్నారు, దళం తనకు దొరికినదే ఇచ్చింది. ఆ సంగతి చెబితే ఇచ్చినవారెవరన్న ప్రశ్న వస్తుంది. విధిపై నెట్టేసి ఊరుకోవడమే నేర్పు.

ఆ నేర్పు ఆయన చివరివరకూ నిలుపుకున్నారు. తనతో వచ్చినవారెవరో చెప్పమని పోలీసులు పెట్టిన హింసకు ఆయన లొంగలేదు. ప్రభాంశు పేరు ఆయన నోటివెంట రాలేదు.

ప్రత్యేక ట్రిబ్యునల్ విచారణ జరిపింది. పేలని రివాల్వర్ పట్టుకున్న మనిషి హంతకుడెలా అవుతాడని సామాన్యుడికి తోచే ప్రశ్న. ఉమ్మడి ఉద్దేశంతో ఇద్దరు నేరానికి దిగినప్పుడు ఎవరి గుండు ప్రాణం తీసిందన్నది భారత శిక్షాస్మృతికి ముఖ్యం కాదు. ఇద్దరూ సమానంగా బాధ్యులే. రెండో మనిషి దొరకలేదు, అతడి పేరూ దొరకలేదు. చేతికి చిక్కిన ఒక్కరికి మరణశిక్ష పడింది.

జైలు నుంచి ప్రద్యోత్ ఇంటివారికి రాసిన ఉత్తరాలు బెంగాల్ విప్లవ సాహిత్యంలో స్థానం పొందాయి. తల్లి పంకజినీ దేవికి రాసిన ఉత్తరంలో తాను చనిపోవడం లేదనీ, చుట్టూ చూస్తే లక్షల మంది ప్రద్యోత్‌లు ఆమెను చూసి నవ్వుతూ కనిపిస్తారనీ ఊరడించారు. ఆ మాటల వెనుక పందొమ్మిదేళ్లు నిండీ నిండని కుర్రవాడి బెరుకు కోసం వెదికినా దొరకదు. ఆ తల్లికి ఆ ఊరడింపు ఎంతవరకు సరిపోయిందో మనం ఊహించుకోవలసిందే.

1933 జనవరి 12 తెల్లవారుజామున మిద్నాపూర్ సెంట్రల్ జైలులో ఉరి అమలైంది. డగ్లస్ స్థానంలో వచ్చిన కొత్త మేజిస్ట్రేట్ బెర్నార్డ్ బర్జ్ అక్కడ ఉన్నారు. సిద్ధమేనా అని ఆయన అడగగా, మిద్నాపూర్‌లో ఏ ఐరోపా మేజిస్ట్రేట్‌నూ ఉండనివ్వరాదని తాము నిశ్చయించుకున్నామనీ, తరువాతి వంతు ఆయనదేననీ, సిద్ధంగా ఉండమనీ ప్రద్యోత్ ప్రశాంతంగా చెప్పారని ప్రసిద్ధి.

ఎనిమిది నెలలు తిరక్కుండానే, 1933 సెప్టెంబరు 2న, పోలీసు మైదానంలో ఫుట్‌బాల్ ఆటకు దిగబోతున్న బర్జ్‌పై అనాథబంధు పాంజా, మృగేంద్ర దత్త కాల్పులు జరిపారు. బర్జ్ మరణించారు. ఈసారి ఆయుధాలు మొరాయించలేదు. కానీ తప్పించుకునే దారి లేకపోయింది. అంగరక్షకుల కాల్పుల్లో అనాథబంధు అక్కడే, మృగేంద్ర మరునాడు ప్రాణాలు విడిచారు. ఆ కేసులో బ్రజకిశోర్ చక్రవర్తి, రామకృష్ణ రాయ్, నిర్మల్‌జీవన్ ఘోష్‌లను 1934 అక్టోబరులో ఉరితీశారు.

బర్జ్ తరువాత మిద్నాపూర్‌కు రావడానికి ఏ ఆంగ్లేయుడూ సాహసించలేదని తరచు రాస్తుంటారు. వినడానికి బాగుంటుంది గానీ నిజం కాదు. పెర్సివల్ గ్రిఫిత్స్ అనే ఆంగ్లేయ అధికారి ఆ పదవిని చేపట్టారు, బతికి బయటపడ్డారు, తరువాత చరిత్ర గ్రంథాలూ రాశారు. ఆయన హయాంలో జిల్లా మీద పడిన నిర్బంధం సామాన్యమైనది కాదు. యువకుల కదలికలపై ఆంక్షలు, ఇళ్లపై సోదాలు, ఊళ్లపై సామూహిక జరిమానాలు సాగాయి. మూడేళ్లలో ముగ్గురు మేజిస్ట్రేట్లు హతమైన జిల్లాలో దళానికి మిగిలిన కొద్దిపాటి ఆయుధాలూ ఆ సోదాల్లో చెదిరిపోయాయి.

హిజ్లీ శిబిరం 1937లో మూతపడింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో మళ్లీ కొంతకాలం తెరచుకుని, తరువాత సైనికుల చేతికి వెళ్లింది. 1951లో దేశపు తొలి ఐఐటీ ఆ భవనంలోనే పాఠాలు మొదలుపెట్టింది. సంతోష్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తల స్మారకంగా ఆ కట్టడాన్ని హిజ్లీ శహీద్ భవన్ అని పిలుస్తున్నారు.

ప్రభాంశు శేఖర్ పాల్‌పై డగ్లస్ హత్యానేరం ఏనాడూ రుజువు కాలేదు. ఆయన స్వాతంత్ర్యాన్ని కళ్లారా చూశారు. ఆ తరువాత కూడా దశాబ్దాల పాటు జీవించి వృద్ధాప్యంలో కన్నుమూశారు.